పాలపన్ను, పెట్రోలు, ఒక పాత తగాదా

చిన్నీ, పండూ,

ఇద్దరికీ తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో పండుగాడు బోసినోరు తెరిచి ఊడిన పన్ను చూపించాడు. ఏం చేశార్రా దాన్ని అంటే, అమ్మ స్టీలు డబ్బాలో వేసి దాచిందన్నాడు. తొమ్మిదో అంతస్తులో ఉండేవాళ్ళు ఏ కప్పు మీదకి విసురుతారు పాపం! ఆ కాల్‌లోనే చిన్ని ఇంకోటి అడిగింది. ఢిల్లీలో గాలి బాగోలేక బడులకి సెలవులిచ్చారని టీవీలో చూసిందట. "గాలి విషమని అందరికీ తెలుసు కదా తాతయ్యా, తెలిశాక కూడా ఎందుకు ఆపరు?" అంది. నేనేదో సర్దిచెప్పి ఫోన్ పెట్టేశాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఆ ప్రశ్నకి జవాబు కొంత పండుగాడి పన్నులోనే ఉందని తెల్లారగట్ల తట్టింది. ఫోన్లో చెప్తే సగం వినరు కాబట్టి ఉత్తరం రాస్తున్నాను.

నాకొక బజాజ్ స్కూటర్ ఉండేది. పక్కింటాయన బండిలో పెట్రోలు అయిపోతే నా ట్యాంకులోంచి ఒక సీసాడు తీసి ఇచ్చేవాణ్ణి. సన్నటి ప్లాస్టిక్ పైపు ఒక కొస ట్యాంకులో, రెండో కొస నోట్లో. గట్టిగా ఒక్క గుక్క పీల్చి, పెట్రోలు పైపులో పాకి రావడం కంటితో చూసుకుంటూ, నోటిదాకా వచ్చేలోపు పైపు లాగి సీసాలో పెట్టాలి. పదిసార్లకి రెండుసార్లయినా ఆలస్యమయ్యేది. నాలుక భగ్గుమనేది. తూతూ అని ఉమ్మి ఎన్ని నీళ్ళు పుక్కిలించినా సాయంత్రం దాకా పెట్రోలు తేన్పులే. మెకానిక్ షెడ్డులో కుర్రాళ్ళయితే గ్రీజు వదలడానికి చేతులు పెట్రోలుతోనే కడుక్కునేవాళ్ళు.

ఆ పెట్రోల్లో సీసం కలిపేవారు. ఆ సంగతి నాకు తెలుసు. తెలియకపోవడమేమిటి, ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి! "టెట్రా ఇథైల్ లెడ్ ఉపయోగమేమి?" అనేది రెండు మార్కుల ప్రశ్న. పెట్రోలులో యాంటీ నాకింగ్ ఏజెంటుగా వాడతారు అని ఏటేటా బోర్డు మీద రాయించాను. సీసం ఇంజిన్లో మాయమైపోదనీ, పొగగొట్టంలోంచి సన్నటి దుమ్ముగా బయటికొచ్చి రోడ్డు పక్కన ఆడుకునే పిల్లల చేతులకీ, అక్కణ్ణుంచి నోటికీ చేరుతుందనీ ఒక్కసారి చెప్పిన పాపాన పోలేదు. సిలబస్‌లో లేదు. ఎవరూ అడగలేదు కూడా. చిన్నీ, నీలాంటిది ఒకతి నా క్లాసులో ఉండుంటే ఆ రోజే నా పరువు పోయేది.

ఈ సీసం పెట్రోల్లోకి ఎలా దూరిందో చెప్తా. పాతకాలపు కారు ఇంజిన్లకి ఒక జబ్బుండేది. లోపల పెట్రోలు ఆవిరి సమంగా మండకుండా ఉన్నట్టుండి పేలి, సుత్తితో కొట్టినట్టు టకటకమనేది. దీన్నే నాకింగ్ అంటారు. 1921 డిసెంబరులో అమెరికాలోని డేటన్‌లో, జనరల్ మోటార్స్ వాళ్ళ ప్రయోగశాలలో థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజినీరు టెట్రా ఇథైల్ లెడ్ కొద్దిగా కలిపి చూస్తే ఆ చప్పుడు పోయింది. ఆల్కహాల్ కలిపినా పోతుందని వాళ్ళకి అప్పటికే తెలుసు. కానీ ఆల్కహాల్ మీద పేటెంట్ ఎవరిస్తారు? ఎవరైనా కాచుకోవచ్చు. సీసం సంగతి వేరు, గ్యాలను గ్యాలనుకీ డబ్బులొస్తాయి. 1923 ఫిబ్రవరిలో అమ్మకం మొదలైంది. పేరు "ఎథిల్". సీసం విషమని రోమన్ల కాలం నుంచే తెలుసు గనక ఆ మాట పేరులో కనపడకుండా చూసుకున్నారు.

మరుసటి ఏడాది అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే రిఫైనరీలో ఆ రసాయనం తయారుచేసే కార్మికులకి మతి చలించింది. లేని పురుగుల్ని విదిలించుకునేవాళ్ళు, మీద పడి కొట్టేవాళ్ళు. ఐదుగురు పోయారు. జనం దానికి "పిచ్చి గ్యాసు" అని పేరు పెట్టారు. గొడవ పెద్దదయ్యేసరికి మిడ్జ్‌లీ విలేకరుల ముందు ఆ ద్రవంతో చేతులు కడుక్కుని, సీసా ముక్కు దగ్గర పెట్టుకుని పీల్చి చూపించాడు. అంతకు ముందు ఏడాదే ఆయనకి సీసం విషమెక్కి సెలవు పెట్టి ఫ్లోరిడా వెళ్ళాడన్న సంగతి మాత్రం చెప్పలేదు.

1925 మేలో వాషింగ్టన్‌లో ప్రభుత్వం ఒక సభ పెట్టింది. కంపెనీ తరఫున వచ్చినాయన ఈ మందు దేవుడిచ్చిన వరమన్నాడు. హార్వర్డ్‌లో అధ్యాపక పదవి పొందిన మొట్టమొదటి మహిళ, డాక్టర్ ఆలిస్ హామిల్టన్, సీసం ఎక్కడుంటే అక్కడ ఎప్పుడో ఒకప్పుడు విషం బయటపడక మానదని హెచ్చరించింది. ఒక కమిటీ వేశారు. కమిటీ కొన్ని నెలలు చూసి, నిషేధించడానికి గట్టి కారణం కనపడలేదు, కానీ పరిశోధన మాత్రం ఆపకండి అంది. అదుగో, కథంతా అక్కడ తిరిగింది. ఆ పరిశోధన సీసం అమ్మేవాళ్ళ డబ్బుతోనే సాగింది. వాళ్ళు పెట్టుకున్న డాక్టరు రాబర్ట్ కీహో దాదాపు నలభై ఏళ్ళు ఈ విషయంలో పెద్ద తలకాయగా చెలామణీ అయ్యాడు. ఆయన మాట ఒకటే: హాని జరిగిందని ఆధారం చూపించండి, అప్పుడు ఆపేస్తాం.

వినడానికి ఎంత న్యాయంగా ఉందో చూడు! కానీ మన వంటింట్లో ఏం జరుగుతుంది? గ్యాసు వాసన వస్తే మీ అమ్మ ముందు రెగ్యులేటర్ కట్టేస్తుంది, ఆ తర్వాత ఎక్కడ లీకో వెతుకుతుంది. కీహో గారి పద్ధతిలో అయితే ఇల్లు అంటుకోవాలి, అదీ గ్యాసు వల్లే అంటుకుందని తేలాలి, అగ్గిపుల్ల వల్ల కాదని రుజువు కావాలి, అప్పుడు కడతారు రెగ్యులేటరు. చిన్నీ, నీ ప్రశ్నకి నాకు తోచిన జవాబు ఇదే. "తెలిశాక కూడా ఎందుకు ఆపరు" అన్నావు కదా. తెలిసిందని ఎవరు ఒప్పుకోవాలి, రుజువు చేసే బాధ్యత ఎవరి నెత్తిన పెట్టాలి, అసలు తగాదా అంతా అక్కడే. విషం పీల్చేవాడే రుజువు చేయాలంటే, అమ్మేవాడికి ఏళ్ళకేళ్ళు టైమ్ దొరుకుతుంది.

ఈ తగాదాలోకి ఏ సంబంధమూ లేని మనిషి ఒకడొచ్చాడు. క్లెయిర్ ప్యాటర్సన్. భూమి వయసు లెక్కగట్టినాయన, సుమారు 455 కోట్ల ఏళ్ళని తేల్చాడు. అందుకోసం ఉల్కల్లో ఉన్న అణుమాత్రం సీసాన్ని కొలవాల్సి వచ్చింది. ఎన్నిసార్లు కొలిచినా లెక్క తప్పేది. చూస్తే బల్ల మీద, గాలిలో, ఆఖరికి తన జుట్టులో కూడా సీసమే. చివరికి దుమ్ము చొరబడని ప్రయోగశాల కట్టుకుంటే గానీ పని జరగలేదు. ఇంత సీసం ఎక్కణ్ణుంచి వచ్చిందని వెతుక్కుంటూ గ్రీన్‌లాండ్ మంచుదాకా వెళ్ళాడు. పాత మంచు పొరల్లో తక్కువ, కొత్త పొరల్లో ఎక్కువ. మంచు అబద్ధం చెప్పదుగా! మనుషులందరి ఒంట్లోనూ సీసం ఉంది కాబట్టి అది సహజమేనని కీహో అంటూ వచ్చాడు. ఊరందరి చొక్కాలకీ బురదంటితే చొక్కా రంగే అదన్నట్టు. 1965లో ప్యాటర్సన్ దీన్ని తిప్పికొట్టాడు. అందరికీ ఉన్నంత మాత్రాన సహజం కాదు, పాతకాలపు మనుషుల కంటే మన ఒంట్లో ఎన్నో రెట్లు ఎక్కువుందని రాశాడు. ఫలితం? ఆయన పరిశోధనకి వచ్చే డబ్బులో కొంత ఆగిపోయింది. 1971లో గాలిలో సీసం మీద నిపుణుల కమిటీ వేసి, ఆ విషయం అందరికంటే ఎక్కువ తెలిసిన ఈయన్నే పక్కన పెట్టారు.

ఈలోగా 1970 చివరి రోజున అమెరికా అధ్యక్షుడు నిక్సన్ స్వచ్ఛమైన గాలి చట్టం మీద సంతకం పెట్టాడు. దాని కింద అక్కడి ప్రభుత్వ పర్యావరణ సంస్థ 1973లో పెట్రోల్లో సీసం తగ్గించమని రూలు పెట్టింది. ఎథిల్ కంపెనీ కోర్టుకెక్కింది. మొదట ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు కంపెనీ వైపే మొగ్గారు. 1976లో తొమ్మిదిమంది కూర్చుని మళ్ళీ విన్నారు. హాని జరిగిపోయిందని చూపించనక్కర్లేదు, హాని జరిగే ముప్పు గట్టిగా ఉంటే ఆపడానికి అది చాలన్నారు. ఎంతమందితో నెగ్గిందో తెలుసా? ఐదుగురు రూలు వైపు, నలుగురు కంపెనీ వైపు. ఇంకొక్క జడ్జి కంపెనీ వైపు మొగ్గుంటే ఈ ఉత్తరం ఇంకోలా ఉండేది.

ఇక పండుగాడి పన్ను దగ్గరికి వద్దాం. ఒంట్లోకి చేరిన సీసం నెత్తుట్లో ఎక్కువకాలం ఉండదు, కాల్షియం వేషం వేసుకుని ఎముకల్లో, పళ్ళల్లో దాక్కుంటుంది. కాబట్టి ఊడిన పాలపన్ను ఒక చిట్టా పుస్తకం. హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టరుకి ఈ ఆలోచన వచ్చింది. బోస్టన్ పక్కన రెండు ఊళ్ళలో ఒకటీ రెండూ తరగతుల పిల్లల దగ్గర ఊడిన పళ్ళు పోగేశాడు. ఇచ్చినవాళ్ళు రెండు వేలకి పైనే. సీసం బాగా ఎక్కువున్న పిల్లల్నీ బాగా తక్కువున్న పిల్లల్నీ విడదీసి పోల్చాడు. ఎక్కువున్నవాళ్ళలో ఒక్కరూ జబ్బుపిల్లల్లా లేరు, చక్కగా ఆడుకుంటూ బడికొస్తున్నారు. కానీ తెలివి పరీక్షలో నాలుగు మార్కులు తక్కువ. సీసం ఎక్కువయ్యేకొద్దీ ధ్యాస నిలవడం లేదని టీచర్లు రాసిచ్చిన కాగితాల్లోనూ బయటపడింది. ఇది 1979 మాట. ఎవరి పళ్ళల్లో ఎంత సీసముందో టీచర్లకి తెలియదు, అది గమనించండి. తర్వాత ఎప్పుడో 1990ల్లో ఆయన లెక్కల్లో మోసం ఉందని ఫిర్యాదు చేశారు. చేసిన ఇద్దరూ అంతకుముందు ఒక కోర్టు కేసులో సీసం కంపెనీల తరఫున నిపుణులుగా నిలబడినవాళ్ళు. ఆయన దాక్కోలేదు, విచారణ అందరి ముందూ జరపమన్నాడు. మోసం లేదని తేలింది.

రేగన్ అధ్యక్షుడిగా వచ్చాక 1982లో ఈ రూళ్ళని సడలించాలని చూశారు. అప్పటికి ఇంకో లెక్క బయటికొచ్చింది. 1976 నుంచి 1980 దాకా అమెరికన్ల నెత్తుట్లో సీసం 37 శాతం పడిపోయింది, పెట్రోల్లో సీసం తగ్గిన గీతా ఇదీ పక్కపక్కనే దిగాయి. సడలింపు మూలనపడింది, 1985లో రూళ్ళు ఇంకా బిగించారు. 1996 నాటికి రోడ్డు మీద బళ్ళకి పూర్తిగా నిషేధం.

నాకు కొంచెం చేదుగా అనిపించేది ఒకటుంది. సీసం లేని పెట్రోలు బంకుల్లోకి రావడానికి మొదటి కారణం పిల్లలు కాదు. పొగ శుభ్రం చేయడానికి కార్లకి క్యాటలిటిక్ కన్వర్టర్ అనే భాగం పెట్టారు, సీసం తగిలితే అది పాడైపోతుంది. పిల్లల బుర్ర పాడవుతుందంటే ఆధారం చూపించమన్నారు, కారు భాగం పాడవుతుందనేసరికి సీసం లేని పెట్రోలు బంకుల్లోకి వచ్చేసింది.

మన దగ్గరా అంతే. ఢిల్లీ బళ్ళ పొగ మీద లాయరు ఎం.సి.మెహతా సుప్రీంకోర్టులో వేసిన కేసు నడుస్తుండగా, 1994లో నాలుగు మహానగరాల్లో సీసం తగ్గించారు. 1995 ఏప్రిల్ నుంచి కన్వర్టర్ ఉన్న కొత్త కార్ల కోసం అక్కడే సీసం లేని పెట్రోలు అమ్మారు. దేశమంతా వచ్చింది 2000 ఫిబ్రవరి 1న. డేటన్‌లో మొదటి గ్యాలను అమ్మిన 77 ఏళ్ళకి. లోకంలో చివరగా 2021లో అల్జీరియా ఆపింది.

అయిపోయిన కథ అనుకోకండి. మన దేశంలో బొగ్గు కరెంటు కేంద్రాల గొట్టాల్లోంచి వచ్చే సల్ఫర్ డయాక్సైడును తగ్గించే యంత్రాలు పెట్టాలని 2015 డిసెంబరులో రూలొచ్చింది. గడువు రెండేళ్ళు. తర్వాత పొడిగించారు, మళ్ళీ పొడిగించారు, 2025 జులైలో చాలా కేంద్రాలకి అసలు అక్కర్లేదన్నారు. మన బొగ్గులో గంధకం తక్కువ, ఊళ్ళల్లో ఆ వాయువు పరిమితిలోనే ఉంది, యంత్రాలకయ్యే ఖర్చు కరెంటు బిల్లు మీద పడుతుంది అన్నది ఒక వాదన. ఆ వాయువు గాలిలో పోతూపోతూ ఊపిరితిత్తుల్లో దిగే సన్నటి నలుసులుగా మారుతుంది, గొట్టం పక్కన కొలిస్తే ఎలా తెలుస్తుంది అన్నది రెండోది. నాకు రెండోదే సబబనిపిస్తుంది. అయితే బిల్లు సంగతి కూడా కొట్టిపారేసేది కాదు, ఆ ఖర్చు ఎవరు భరించాలో తేల్చాలి. చిన్నీ, పెద్దయ్యాక రెండూ చదివి నాతో పోట్లాడు.

మీ నాన్న మొదటి పన్ను 1985లో ఊడింది. పేడముద్దలో పెట్టి నేనే వాణ్ణి ఎత్తుకుంటే మన పెంకుటింటి మీదకి విసిరాడు. రోడ్డు పక్క ఇల్లు, రోజూ వాకిట్లో స్కూటర్ ఎగ్జాస్టు దగ్గరే ఆడుకునేవాడు. ఆ పన్ను ఎవరైనా కొలిచి ఉంటే ఏం కనపడేదో. పండుగాడిది 2000 తర్వాతి పన్ను, దాని లెక్క వేరు.

సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ స్టీలు డబ్బా మరిచిపోకండి. పేడ నేను చూస్తాలే.

మీ తాతయ్య