ఈ ఏరియా సేఫేనా? క్రైమ్ రేటుపై అపోహలు - వాస్తవాలు

మొన్న మా అన్నయ్య కూతురు ఫోన్ చేసింది. "బాబాయ్, మెహదీపట్నంలో ఫ్లాట్ చూశాం. ఆఫీసుకు బస్సుంది, అద్దె కూడా ఇవ్వగలిగేంతే. కానీ అక్కడ క్రైమ్ ఎక్కువని అందరూ భయపెడుతున్నారు. తీసుకోమంటావా?" హైదరాబాద్ పోలీసు స్టేషన్లలో ఎస్ఐగా, ఇన్‌స్పెక్టర్‌గా 26 ఏళ్లు పనిచేసి రిటైరయ్యాను. ఈ ప్రశ్న అడగని చుట్టం లేరు. ఆ అమ్మాయితో చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: కేసులు ఎక్కువున్నాయంటే అది ప్రమాదకరమైన ఏరియా.

వాస్తవం: క్రైమ్ రేటు అంటే లక్ష జనాభాకు నమోదైన కేసులు. ఇందులో "నమోదైన" అన్న మాట దగ్గర ఆగాలి. నేరాలు పెరగడం వేరు, నమోదు పెరగడం వేరు అని దేశమంతటి లెక్కలు ఏటా ప్రచురించే జాతీయ నేర గణాంకాల సంస్థే చెబుతుంది. జనం ధైర్యంగా స్టేషన్ మెట్లెక్కే చోట, ఇచ్చిన ఫిర్యాదును ఉన్నదున్నట్టు రాసుకునే చోట అంకె పెరుగుతుంది.

ఎస్ఐగా కొత్తలో నేను చేసిన ఒక స్టేషన్‌లో, ఫోన్ దొంగిలించారని ఎవరైనా వస్తే "పోగొట్టుకున్నాను" అని రాసివ్వమనేవారు. కిక్కిరిసిన బస్సులో జేబులోంచి లాగేసిన ఫోను కాగితం మీద ఎక్కడో జారిపోయిన ఫోను అయ్యేది. నెలవారీ క్రైమ్ మీటింగులో మా అంకెలు బాగుండేవి. బస్టాప్‌లో జేబుదొంగలు మాత్రం ఎక్కడికీ పోలేదు. కేసులే లేనప్పుడు అక్కడ మఫ్టీలో ఇద్దరు కానిస్టేబుళ్లను పెట్టాలని ఎవరికి తడుతుంది? నేనూ అలా రాయించాను. అది తప్పు. ఆ రోజు ఫోను పోయిన మనిషికే కాదు, మర్నాడు అదే బస్టాప్‌లో నిలబడ్డవాళ్లకు కూడా నేను అన్యాయం చేశాను.

ఇంకో తిరకాసు జనాభాతో వస్తుంది. కోఠి, అమీర్‌పేట లాంటి చోట్ల పొద్దుట నుంచి రాత్రిదాకా ఊరంతా వచ్చి పోతుంటుంది. వాళ్ల పర్సులు పోతే కేసులు ఆ స్టేషన్‌లోనే పడతాయి. భాగించేది మాత్రం అక్కడ కాపురమున్న జనంతో. సైబర్ మోసాలు దీనికి తిరగబడ్డ లెక్క. దొంగ వేరే రాష్ట్రంలోనో వేరే దేశంలోనో ఉంటాడు, డబ్బు పోయిన మనిషి మాదాపూర్‌లో ఉంటే కేసు మాదాపూర్‌లో. ఆ అంకె చూసి మాదాపూర్ వీధుల్లో నడవడానికి భయపడితే అర్థముందా?

పేపర్లో "దొంగతనాలు రెట్టింపు" అని చూసినా టెన్షన్ పడకండి. ఎన్ని ఎన్నయ్యాయో చూడండి. నాలుగు ఎనిమిదైనా రెట్టింపే.

అపోహ: ప్రమాదమంతా పక్క బస్తీ నుంచి, బయటి నుంచి వచ్చినవాళ్ల నుంచే.

వాస్తవం: నన్ను ఎక్కువగా బాధపెట్టే మాట ఇదే. అత్యాచారం కేసుల్లో వందకు తొంభైకి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడేనని జాతీయ లెక్కలు ఏటా చెబుతున్నాయి. పిల్లలపై జరిగే లైంగిక నేరాల్లోనూ ఎక్కువగా ఇదే. మహిళలపై నేరాల్లో మొదటి స్థానం ఏటా భర్త, అత్తింటివాళ్ల వేధింపులది. అంటే నేరం ఇంటి తలుపు లోపలే ఉంది. దానికి గేటు, గూర్ఖా అడ్డు కాదు. ఏరియా మంచిదా కాదా అని అడిగేవాళ్లెవరూ ఈ కేసులను లెక్కలోకి తీసుకోరు.

బస్తీవాళ్ల సంగతికొస్తే, వాళ్లకూ దొంగతనాలు జరుగుతాయి. గ్యాస్ సిలిండరు, కుట్టు మిషను, సామాన్లు మోసుకునే బండి పోతుంటాయి. స్టేషన్‌కు వస్తే ఆ రోజు కూలి పోతుందని చాలామంది రారు. అలా లెక్కలోకి రాని మనుషులనే మనం దొంగల లెక్కలో కలిపేస్తున్నాం.

అపోహ: రాత్రి బయటికి వెళ్లకపోతే చాలు.

వాస్తవం: గొలుసు దొంగలకు తెల్లవారుజాము ఇష్టమైన వేళ. వాకిట్లో ముగ్గు వేస్తూ వంగి ఉన్న ఆడవాళ్లు, మార్నింగ్ వాక్‌లో పెద్దవాళ్లు, ఖాళీ రోడ్డు. బైక్ మీద ఇద్దరు వచ్చి అడ్రస్ అడిగితే దగ్గరికి వెళ్లకండి, నిలబడిన చోటి నుంచే చెప్పండి. ఇళ్ల దొంగతనాలకు సంక్రాంతి, వేసవి సెలవులు సీజన్. ముగ్గు పడని వాకిలి, గేటు దగ్గర పేరుకుపోయిన పేపర్లు, బయటికి వేలాడే పెద్ద తాళం, వీటిని చూసే పగలు రెక్కీ చేస్తారు. ఊరెళ్లేటప్పుడు పేపరు ఆపించి, పక్కింటావిడను రెండు గీతల ముగ్గు వేయమని అడగండి.

అపోహ: సీసీ కెమెరాలు పెట్టించాం కదా.

వాస్తవం: మంచిదే, ఎన్నో కేసులు వాటివల్లే తేలాయి. కానీ ఘటన జరిగాక వెళ్లి చూస్తే హార్డ్ డిస్క్ పనిచేయక నెలలైన అపార్ట్‌మెంట్లు, మనిషి నడినెత్తి తప్ప ముఖం కనిపించని కెమెరాలు ఎన్నో చూశాను. ఒకచోట రికార్డర్ గడియారం నలభై నిమిషాలు తప్పు. దాన్ని నమ్మి మా కుర్రాళ్లు రెండు రోజులు వేరే బండి వెంట తిరిగారు. నెలకోసారి ఎవరో ఒకరు రికార్డింగ్ తెరిచి చూడాలి. పాత ఫుటేజీ మీదే కొత్తది పడిపోతుంది కాబట్టి ఏదైనా జరిగితే అదే రోజు కాపీ తీసి పెట్టండి.

అపోహ: స్టేషన్‌కు వెళ్తే "మా పరిధి కాదు" అంటారు.

వాస్తవం: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు నేరుగా కేసు కట్టాల్సిన నేరమైతే ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. దాన్నే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. ఆన్‌లైన్‌లో పంపితే మూడు రోజుల్లో వెళ్లి సంతకం చేయాలి. ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోండి. స్టేషన్‌లో ఫిర్యాదే తీసుకోకపోతే దాన్ని రాతపూర్వకంగా ఎస్పీకి పంపండి, సిటీలో అయితే డీసీపీకి. అక్కడా పని కాకపోతే మేజిస్ట్రేట్ ఉన్నారు. సైబర్ మోసంలో ఖాతాలోంచి డబ్బు పోతే మాత్రం స్టేషన్‌కు బయల్దేరే ముందే సైబర్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆ డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారిపోకముందే ఆపాలి.

మా అమ్మాయికి చివరికి చెప్పింది ఇది: రాత్రి తొమ్మిదిన్నరకు బస్సు దిగి ఆ ఫ్లాట్ దాకా నడిచి చూడు. ఎన్ని వీధిలైట్లు వెలుగుతున్నాయి, ఎన్ని దుకాణాలు తెరిచి ఉన్నాయి, ఆడవాళ్లు ఆ దారిలో కనిపిస్తున్నారా చూడు. మెడికల్ షాపతన్నీ, ఇస్త్రీ బండి ఆయన్నీ అడుగు. వీధిలో ఏం జరిగినా ముందు తెలిసేది వాళ్లకే. స్టేషన్‌కు వెళ్లి బీట్ కానిస్టేబుల్ ఎవరో కనుక్కుని నంబర్ తీసుకో.

నిన్న వెళ్లొచ్చిందట. సందు మలుపులో ఒక లైటు వెలగడం లేదని చెప్పింది. అడ్వాన్స్ ఇచ్చేముందు దాని గురించి జీహెచ్ఎంసీకి కంప్లైంట్ పెట్టమన్నాను.