30.5 గాలిలో ఎందుకు చెదిరిపోతుంది?

కోళ్ల షెడ్డులో ఉష్ణోగ్రత 30.5 డిగ్రీలు. ఆ అంకె వంద అడుగుల దూరంలో ఉన్న ఇంట్లో కనిపించాలి. పోయిన వేసవిలో మా బాబాయి షెడ్డు కోసం నేను మొదలుపెట్టిన పని ఇంతే. రెండు ఆర్డుయినో బోర్డులు (మనం ప్రోగ్రాం రాసి నడిపే బుల్లి కంప్యూటర్లు), ఒక 433 మెగాహెర్ట్జ్ ట్రాన్స్‌మిటర్, ఒక రిసీవర్ తెచ్చాను. బోర్డుల మధ్య వైరు కలిపితే 30.5 చక్కగా వచ్చింది. వైరు తీసి రేడియో పెట్టగానే తెర మీద పిచ్చి గుర్తులు. ట్రాన్స్‌మిటర్ కరెంటు పీకేసినా అవి ఆగలేదు. ఎవరూ మాట్లాడకపోయినా రిసీవర్ ఏదో ఒకటి వింటూనే ఉంది.

రేడియో మాడ్యూలు పాడైందనుకుని చాలామంది ఇక్కడే కొత్తది కొంటారు. మాడ్యూలు బాగానే ఉంటుంది. వైరుకీ గాలికీ ఉన్న తేడా మనకు ఎవరూ చెప్పకపోవడమే అసలు ఇబ్బంది. ఆ తేడా ఏమిటో తెలియాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

ఈ చవక రిసీవర్లలో ఎక్కువ భాగం సూపర్ రీజెనరేటివ్ పద్ధతిలో పనిచేస్తాయి. అమెరికన్ ఇంజనీరు ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1922లో ఈ పద్ధతిని బయటపెట్టాడు. చాలా తక్కువ భాగాలతో చాలా బలహీనమైన సిగ్నల్‌ను కూడా పట్టగలగడం దీని గొప్పతనం. అదే దీని బలహీనత కూడా. సిగ్నల్ లేనప్పుడు ఇది ఊరుకోదు, చుట్టూ ఉన్న రొదనే పట్టుకుని పెద్దది చేస్తుంది. ఆ తర్వాతి మెట్టులో వచ్చిన సిగ్నల్ సగటు చూసుకుని, సగటుకు పైన ఉంటే 1, కింద ఉంటే 0 అని తేల్చేస్తుంది. ట్రాన్స్‌మిటర్ వైపు పద్ధతి ఇంకా సులువు. 1 పంపాలంటే తరంగం ఆన్, 0 పంపాలంటే ఆఫ్.

ఇప్పుడు 30.5 సంగతి చూద్దాం. దశాంశ సంఖ్యల్ని కంప్యూటర్లో ఎలా రాయాలో 1985లో ఐఈఈఈ 754 ప్రమాణం తేల్చింది. దాని ప్రకారం 30.5 నాలుగు బైట్లు. బిట్ అంటే ఒక 0 లేదా 1, అలాంటివి ఎనిమిది కలిస్తే బైటు. నేను వాడిన ఆర్డుయినో రకం యునో, దాని మెమరీలో అవి ఉండే వరుస 0, 0, 244, 65. మొదటి రెండు బైట్లూ సున్నాలే, అంటే వరసగా 16 సున్నా బిట్లు. వాటిని ఉన్నవి ఉన్నట్టు గాల్లోకి వదిలితే ఆ 16 బిట్ల సేపూ ట్రాన్స్‌మిటర్ ఆపేసినట్టే. రిసీవర్‌కి అది సున్నాలా వినపడదు, అవతల మనిషి వెళ్లిపోయినట్టు వినపడుతుంది. సగటు కిందికి జారిపోతుంది, రొద 1లుగా పైకి తేలుతుంది. వైరులో ఈ బాధ లేదు. సున్నా వోల్టులు ఎంతసేపున్నా సున్నా వోల్టులే.

వరసగా ఒకే గుర్తు వస్తే లెక్క తప్పిపోయే ఈ చిక్కు రేడియోది మాత్రమే కాదు. 1940ల చివర ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో మార్క్ 1 కంప్యూటర్ కడుతున్నవాళ్లు అయస్కాంత డ్రమ్ము మీద డేటా రాసేటప్పుడు దీనికో ఉపాయం పట్టారు. ప్రతి బిట్ మధ్యలో తప్పనిసరిగా ఒక మార్పు ఉండాలి. పైనుంచి కిందికి దిగితే ఒక విలువ, కిందనుంచి పైకి ఎక్కితే రెండో విలువ. ఎన్ని సున్నాలొచ్చినా మార్పులు ఆగవు, చదివేవాడికి తాళం తప్పదు. దానికే మాంచెస్టర్ కోడ్ అని పేరు పడింది. తర్వాత 10 మెగాబిట్ల ఈథర్‌నెట్‌లోకి, ఫిలిప్స్ వాళ్ల ఆర్‌సీ-5 టీవీ రిమోట్లలోకి అదే వెళ్లింది. దీనికి కట్టాల్సిన మూల్యం ఒకటుంది. ఒక్కో బిట్‌కి గాల్లో రెండు ముక్కలు పంపాలి, అంటే వేగం సగమైపోతుంది.

మన దగ్గర ఇంజనీరింగ్ చదివినవాళ్లకి ఈ కథలో ఇంకో అధ్యాయం బాగా గుర్తుంటుంది. ఆర్డుయినో ఇంకా చేతికి రాని రోజుల్లో ఫైనల్ ఇయర్ ప్రాజెక్టంటే 8051 మైక్రోకంట్రోలర్, దానికో 433 మాడ్యూలు, మధ్యలో హెచ్‌టీ12ఈ, హెచ్‌టీ12డీ అనే రెండు చిప్పులు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే మారుమాట లేకుండా ఇచ్చేవారు. పంపే చిప్పు 8 బిట్ల అడ్రస్, 4 బిట్ల డేటా కలిపి పదేపదే పంపుతుంది. అందుకునే చిప్పు వరసగా మూడుసార్లు సరిపోలితేనే నమ్మి వీటీ అనే పిన్ను వెలిగిస్తుంది. ఆ పిన్నుకి తగిలించిన ఎల్ఈడీ వెలిగిందంటే ప్రాజెక్టు గట్టెక్కినట్టే. నాలుగు బిట్లు రోబో కారుకి సరిగ్గా సరిపోయేవి. ముందుకి, వెనక్కి, కుడికి, ఎడమకి. ఇంత మంచి ఏర్పాటు వల్ల ఒక నష్టం కూడా జరిగిందని నా అభిప్రాయం. బిట్లను గాలికి తగిన గుర్తులుగా మార్చే పని మొత్తం చిప్పు లోపలే జరిగిపోవడంతో అలాంటి పని ఒకటుందని కూడా మాలో చాలామందికి తెలియలేదు. చిప్పులు తీసేసి ఆర్డుయినోని నేరుగా మాడ్యూలుకి కలిపిన రోజున బోర్లా పడ్డాం.

ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రేయాలో, డిజైన్ విద్యార్థుల కోసం పుట్టింది. ఎలక్ట్రానిక్స్ రానివాళ్లు కూడా వాడుకోవాలన్నది దాని ఆశయం. ఆ ఆశయం 433 మాడ్యూళ్ల విషయంలో నిజమైంది మాత్రం 2008లో, మైక్ మెకాలే రాసిన వర్చువల్‌వైర్ లైబ్రరీ, అంటే ఎవరైనా తమ ప్రోగ్రాంలో కలుపుకోగల సిద్ధమైన కోడ్, వచ్చాకే. అది చేసే పనిని దగ్గర్నుంచి చూస్తే ముచ్చటేస్తుంది.

ప్రతి బైటును రెండు సగాలు చేస్తుంది. ఒక్కో సగం 4 బిట్లు. ఆ 4 బిట్ల స్థానంలో 6 బిట్ల గుర్తు ఒకటి పెడుతుంది. ఆరు బిట్లతో 64 గుర్తులు చేయవచ్చు. వాటిలో సరిగ్గా మూడు 1లు, మూడు 0లు ఉండేవి 20. మనకు కావలసినవి 16. ఆ ఇరవైలోంచి పదహారింటిని ఏరుకున్నారు. ఏ గుర్తు లోపలా ఒకే బిట్ వరసగా మూడుసార్లకు మించి రాదు. ఉదాహరణకి నాలుగు సున్నాలు గాల్లో 101100గా వెళ్తాయి. అంటే 30.5 లోని ఆ రెండు సున్నా బైట్లు ఇప్పుడు 101100 101100 101100 101100. మౌనం అన్న మాటే లేదు. ఆన్ ఎంతసేపో ఆఫ్ అంతసేపు కాబట్టి సగటు కదలదు. మాంచెస్టర్ పద్ధతిలో ఒకటికి రెండు పంపాలి, ఇక్కడ ఒకటిన్నరతో సరిపోతుంది. ఇదే ఆలోచనతో ఐబీఎంలో విడ్మర్, ఫ్రనాషెక్ 1983లో 8 బిట్లను 10గా మార్చే కోడ్ ప్రకటించారు. పెద్ద నెట్‌వర్కులకు పనికొచ్చిన సూత్రమే కోళ్ల షెడ్డుకీ పనికొచ్చింది.

డేటాకి ముందు ఈ లైబ్రరీ 36 బిట్ల పాటు 1, 0, 1, 0 అని కొడుతుంది. రిసీవర్ తేరుకుని లయ అందుకోవడానికి ఆ సమయం. తర్వాత 12 బిట్ల ప్రారంభ గుర్తు, పొడవు చెప్పే బైటు, అసలు డేటా, చివర రెండు బైట్ల సరిచూపు. ఒక్కో బైటు 12 బిట్లుగా వెళ్తుంది కాబట్టి మన నాలుగు బైట్లకి మొత్తం 132 బిట్లు. సెకనుకి 2000 బిట్ల వేగంలో 66 మిల్లీసెకన్లు. 32 బిట్ల కబురుకి వంద బిట్ల రక్షణ అన్నమాట. మొదట నాకు దుబారా అనిపించింది. షెడ్డులో ఫ్యాన్లు తిరుగుతుండగా అంకె సరిగ్గా రావడం చూశాక అనిపించలేదు.

ఆ చివరి రెండు బైట్ల సంగతి కూడా చెప్పుకోవాలి. దాని పేరు సీఆర్‌సీ. డేటా మొత్తాన్ని ఒక పెద్ద సంఖ్యలా భాగించి శేషాన్ని వెంట పంపడం దీని సారాంశం. వెస్లీ పీటర్సన్ 1961లో దీన్ని వివరించాడు. గాలిలో ప్యాకెట్లు పంపే పని 1971లో హవాయి విశ్వవిద్యాలయంలో మొదలైంది. నార్మన్ అబ్రామ్సన్ బృందం అలోహానెట్ పేరుతో దీవుల మధ్య 80 బైట్ల దాకా డేటా ఉండే ప్యాకెట్లను రేడియోలో పంపింది. సరిచూపు బిట్లు తప్పితే అందుకున్నవాళ్లు ఆ ప్యాకెట్‌ను పారేస్తారు, రసీదు రాకపోతే పంపినవాళ్లు కాసేపాగి మళ్లీ పంపుతారు. ఈ పద్ధతి ఇప్పుడు చిన్న చిప్పుల్లోకి దిగింది. నార్డిక్ కంపెనీ రేడియో చిప్పు ఎన్‌ఆర్‌ఎఫ్24ఎల్01 లోపలే ప్రారంభ గుర్తు, అడ్రస్, సీఆర్‌సీ, రసీదు, 15 సార్ల దాకా మళ్లీ పంపడం అన్నీ జరిగిపోతాయి. 32 బైట్ల దాకా ఏదిచ్చినా అటువైపు అచ్చంగా అందుతుంది.

అందుతుంది సరే, అర్థమవుతుందా? నా రెండో దెబ్బ అక్కడ తగిలింది.

వర్చువల్‌వైర్ రచయితే 2014లో దాని స్థానంలో రేడియోహెడ్ అనే లైబ్రరీ తెచ్చాడు. దాంతో రెండు యునోల మధ్య అంతా సాఫీగా నడిచింది. షెడ్డు నంబరు, బ్యాటరీ మిల్లీవోల్టులు, ఉష్ణోగ్రత మూడూ ఒక స్ట్రక్చర్‌లో, అంటే కొన్ని విలువల్ని ఒకే కట్టగా ఉంచే ఏర్పాటులో, పెట్టి పంపేవాణ్ణి. బాబాయి "ఫోన్లో కనపడితే బాగుండురా" అన్నాడు. ఇంటివైపు యునో తీసి వైఫై ఉన్న బోర్డు ఈఎస్‌పీ32 పెట్టాను. అదే ప్రోగ్రాం, అదే స్ట్రక్చర్. షెడ్డు నంబరు సరిగ్గానే వచ్చింది. ఉష్ణోగ్రత 0. బ్యాటరీ 43,22,304 మిల్లీవోల్టులు! సీఆర్‌సీ మాత్రం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ అంకెను విప్పి చూస్తే సంగతి బయటపడింది. 65ని 65536తో, 244ని 256తో గుణించి కలిపితే వచ్చేది సరిగ్గా 43,22,304. అంటే 30.5 ఎక్కడికీ పోలేదు, బ్యాటరీ గదిలోకి వెళ్లి కూర్చుంది. బ్యాటరీ విలువకి నేను వాడింది ఇంట్ అనే పూర్ణాంక రకం. యునోలో ఇంట్ అంటే 2 బైట్లు, ఈఎస్‌పీ32లో 4. పైగా ఈఎస్‌పీ32 మొదటి బైటు తర్వాత మూడు బైట్లు ఖాళీ వదులుతుంది. యునో లెక్కలో 7 బైట్ల స్ట్రక్చర్, దీని లెక్కలో 12.

ఈ ఖాళీలు వదిలే అలవాటు వెనకా చరిత్ర ఉంది. 1964లో ఐబీఎం సిస్టమ్/360 కంప్యూటర్ వచ్చినప్పుడు నాలుగు బైట్ల సంఖ్య నాలుగుతో భాగించబడే చిరునామాలోనే ఉండాలని నియమం పెట్టింది. మెమరీని త్వరగా చదవడానికి అది అవసరం. 32 బిట్ల ప్రాసెసర్లకు సీ భాష కంపైలర్లు (మనం రాసిన ప్రోగ్రాంను యంత్రభాషలోకి మార్చేవి) నేటికీ ఆ పొందికనే పాటిస్తాయి. యునోలోని 8 బిట్ల ప్రాసెసర్ ఒక్కో బైటే చదువుతుంది కాబట్టి దానికి ఖాళీలు అక్కర్లేదు. ఇంట్ ఎంత పొడవుండాలో సీ భాష మొదట్నుంచీ యంత్రానికే వదిలేసింది. 1999 నాటి సీ ప్రమాణంలో 16 బిట్లు, 32 బిట్లు అని పేరులోనే పొడవు చెప్పే రకాలు వచ్చాయి. రేడియోలో పంపే ప్రతి సంఖ్యకీ అవే వాడాలి. ఇది ఇష్టాయిష్టాల విషయం కాదు.

బైట్ల వరుస ఇంకో తగాదా. సిస్టమ్/360 పెద్ద బైటును, అంటే సంఖ్యలో ఎక్కువ విలువ స్థానంలో ఉన్నదాన్ని, ముందు పెట్టేది, డెక్ కంపెనీ కంప్యూటర్ పీడీపీ-11 చిన్న బైటును ముందు పెట్టేది. ఏది ముందైనా ఫర్వాలేదు, అందరూ ఒకటి ఒప్పుకోండని కంప్యూటర్ శాస్త్రవేత్త డానీ కోహెన్ 1980 ఏప్రిల్ 1న వేడుకుంటూ రాశాడు. యునో, ఈఎస్‌పీ32 రెండూ చిన్నదే ముందు పెడతాయి కాబట్టి మనం బతికిపోతున్నాం. నెట్‌వర్క్ ప్రమాణాలు మాత్రం పెద్దదాన్ని ముందు కోరతాయి. 30.5ని పదింతలు చేసి 305గా పంపితే రెండే బైట్లు, 49, 1. వరుస తిరగబడితే 12545. షెడ్డులో 1254.5 డిగ్రీలు!

మరి "30.5" అని అక్షరాలుగానే పంపితే? అదీ నాలుగు బైట్లే, వరుస గొడవ లేదు, తెర మీద నేరుగా చదవొచ్చు. మొదటిసారి చేసేవాళ్లకి నేను ఇదే చెబుతాను. ప్రతి విలువకీ పక్కన పేరు రాసే జేసన్ రూపంలో నాలుగక్షరాల పేరుతో రాస్తే 13 బైట్లవుతుంది. వైఫైలో పట్టింపు లేదు. మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ దగ్గర నడిచే, చాలా దూరం పోయే నెమ్మది రేడియో నెట్‌వర్కు లోరావాన్‌లో, అతి నెమ్మది వేగంలో ఒక ప్యాకెట్‌కి 51 బైట్లే గరిష్ఠం. అక్కడ ప్రతి బైటూ బరువే. అందుకే అక్కడ వాడే కయెన్ ఎల్‌పీపీ పద్ధతిలో ఉష్ణోగ్రతని డిగ్రీలో పదో వంతుగా, రెండు బైట్లలో, పెద్ద బైటు ముందుగా పంపుతారు.

షెడ్డు నుంచి ఇప్పుడు ఆరు బైట్లు వస్తున్నాయి. స్ట్రక్చర్‌ని గుత్తగా పంపడం మానేశాను, ఒక్కో బైటూ చేత్తో పేర్చి పంపుతున్నాను. మొదటి బైటు ఈ పేర్పు ఎన్నోదో చెప్పే నంబరు, రెండోది షెడ్డు నంబరు, తర్వాత రెండు బ్యాటరీకి, చివరి రెండు ఉష్ణోగ్రతకి. మొన్న బాబాయి ఫోన్ చేసి, "తేమ కూడా చూపిస్తుందేంట్రా అది?" అని అడిగాడు. చూపిస్తుంది. ఆరు బైట్లు ఏడవుతాయి, మొదటి బైటులో 1 పోయి 2 వస్తుంది.