డెలివరీకి హిప్నాసిస్ ఆడియోలు: మా క్లాసులో వినపడే అపోహలు, అసలు సంగతులు

నేను గుంటూరులో గర్భిణులకి ప్రసవానికి ప్రిపేర్ అయ్యే క్లాసులు చెప్తాను. ఏడో నెల వచ్చిన దగ్గర్నుంచి వస్తుంటారు, ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు ఫోన్ ముందు పెట్టి "మేడమ్, ఈ హిప్నాసిస్ ఆడియో వింటే నొప్పులే తెలీవంట, కొనమంటారా" అని అడుగుతారు. ఒక్కొక్కళ్ళకి చెప్పేదంతా ఇక్కడ రాసేస్తున్నా.

అపోహ: హిప్నాసిస్ అంటే ఒళ్ళు తెలీకుండా పోతుంది, ఎవరేం చెప్తే అది చేసేస్తాం.

మనకి హిప్నాటిజం అనగానే బి.వి. పట్టాభిరామ్ గారి స్టేజ్ షోలే గుర్తొస్తాయి, అందుకే ఇంట్లో అమ్మలు, అత్తగార్లు కంగారు పడతారు. ఈ ఆడియోల్లో ఉండేది ఊపిరి నెమ్మది చేసుకోవడం, దవడ, భుజాలు, నడుము ఒక్కొక్కటీ వదులు చేసుకోవడం, మనసుని ఒక చోట నిలపడం, అంతే. సీరియల్లో మునిగిపోయి కుక్కర్ ఎన్ని విజిల్స్ వేసిందో మర్చిపోతాం చూడండి, అలాంటి ధ్యాస. పిలిస్తే పలుకుతారు, వద్దనిపిస్తే కళ్ళు తెరిచి లేచిపోవచ్చు. ఫిట్స్ ఉన్నవాళ్ళు, సైకోసిస్ లాంటి మానసిక జబ్బుకి మందులు వాడుతున్నవాళ్ళు మాత్రం డాక్టర్ని అడగకుండా మొదలుపెట్టొద్దు.

అపోహ: మంచి ఆడియో దొరికితే నొప్పి లేని కాన్పే.

ఇలా రాసి అమ్మేవాళ్ళ దగ్గర దయచేసి కొనకండి. బ్రిటన్‌లో 680 మంది తొలిచూలు తల్లులతో చేసిన ట్రయల్ 2015లో వచ్చింది, సగం మందికి రెండు క్లాసులు చెప్పి రోజూ వినమని సీడీ ఇచ్చారు, చివరికి వాళ్ళలో ఎపిడ్యూరల్ (నొప్పి తగ్గడానికి నడుము దగ్గర వెన్నులో ఇచ్చే మత్తు మందు) తీసుకున్నవాళ్ళు 27.9 శాతం, మామూలు కేర్ వాళ్ళలో 30.3 శాతం, అంటే పెద్ద తేడా లేనట్టే. డెన్మార్క్‌లో 1222 మందితో చేసినా ఎపిడ్యూరల్ తగ్గలేదు. వైద్య పరిశోధనల్ని కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2016 రివ్యూలో 9 ట్రయల్స్ కలిపి చూస్తే మొత్తమ్మీద నొప్పి మందుల వాడకం కొంత తగ్గొచ్చు అని మాత్రం తేలింది. మరి నేనెందుకు వినమంటున్నాను అంటే, ఆ బ్రిటన్ ట్రయల్లోనే విన్నవాళ్ళకి ముందు ఊహించుకున్నంత భయం, ఆందోళన కాన్పులో కలగలేదు. మా క్లాసులో నేను చూసేది కూడా అదే. భయం తగ్గితే రాత్రి నిద్ర పడుతుంది, నిద్ర పట్టిన మనిషికి నొప్పులు తట్టుకునే ఓపిక ఉంటుంది, నాకు ఇది చిన్న విషయంగా అనిపించదు.

అపోహ: ఇంగ్లీష్‌లో ఉన్నదే ప్రొఫెషనల్, రేటు ఎక్కువైతే ఇంకా మంచిది.

దీని మీద నాకు చాలా పట్టింపు. పోయినేడు ఒకమ్మాయి, సాఫ్ట్‌వేర్ జాబ్, ఆఫీసులో రోజంతా ఇంగ్లీషే, డబ్బులు పోసి ఒక ఫారిన్ కోర్సు కొనుక్కుని రెండు వారాలు విని "మేడమ్, నాకేం అవ్వట్లేదు, నాలోనే ఏదో లోపం ఉందేమో" అని ఏడ్చింది. ఏం ఊహించుకోమంటున్నారమ్మా అంటే మంచు కొండ మీద చెక్క ఇల్లు అంట! ఆ పిల్ల పుట్టి పెరిగింది తెనాలి దగ్గర పల్లెలో. మీ పుట్టింట్లో హాయిగా ఉండే చోటేది అని అడిగితే ఆలోచించకుండానే డాబా మీద మంచం, పక్కనే వేపచెట్టు అని చెప్పింది. వాళ్ళమ్మ చేత ఆ డాబా గురించి నెమ్మదిగా పన్నెండు నిమిషాలు మాట్లాడించి ఫోన్లో రికార్డ్ చేయించాం, మొదటి రోజే భుజాలు దిగాయి. కాలు గోడకి తగిలితే మీ నోటెంట ఏ భాష వస్తుందో ఆ భాషలో ఆడియో వెతుక్కోండి, దొరక్కపోతే మీవాళ్ళ గొంతే రికార్డ్ చేసుకోండి.

ఇంకోటి, ఇంగ్లీష్ ఆడియోల్లో నొప్పి అనే మాటే వాడరు, అల, వేవ్ అంటారు. మన దగ్గర ఆ బిగింపుకి పేరే నొప్పులు కదా, లేబర్ రూమ్‌లో సిస్టరమ్మ వచ్చి "ఏమ్మా, నొప్పులొస్తున్నాయా" అనే అడుగుతుంది, అల వచ్చిందా అని ఎవరూ అడగరు. అందుకే ఇంట్లో ప్రాక్టీస్ చేసేటప్పుడే మీ ఆయన చేత అదే మాట అడిగించుకుని, అది వినగానే ఊపిరి పొడుగ్గా వదలడం అలవాటు చేసుకోండి.

కొనేముందు శాంపిల్ ఐదు నిమిషాలు వినండి. ఆ గొంతు చిరాకు పెడితే ఎంత పేరున్నదైనా వదిలేయండి. "నువ్వు భయపడితేనే నొప్పి" అని తప్పు మీ మీదకి తోసేవి, ఎపిడ్యూరల్ తీసుకుంటే ఓడిపోయినట్టు మాట్లాడేవి అస్సలొద్దు. భయం, బిగుసుకోవడం, నొప్పి, ఈ మూడూ ఒకదాన్నొకటి పెంచుతాయని ఇంగ్లండ్ డాక్టర్ గ్రాంట్లీ డిక్-రీడ్ 1930లలోనే చెప్పారు, దాన్ని తల్లి తప్పుగా తిప్పడం అన్యాయం. యూట్యూబ్‌లోదైతే డౌన్‌లోడ్ చేసుకోండి, సరిగ్గా కళ్ళు మూతపడే టైముకి యాడ్ మోగితే గుండె అదిరిపోతుంది.

అపోహ: నొప్పులు మొదలయ్యాక పెట్టుకుంటే చాలు.

చాలదు. 30, 32 వారాల నుంచి రోజూ 15, 20 నిమిషాలు, ఒకే ఆడియో, ఒకే టైము, ఎడమ పక్కకి తిరిగి పడుకుని. మధ్యలో నిద్ర పట్టేస్తే పట్టనివ్వండి. బండి నడుపుతూ, స్టవ్ దగ్గర నిలబడి వినొద్దు. బిడ్డకి వినిపించాలని హెడ్‌ఫోన్స్ పొట్ట మీద పెట్టక్కర్లేదు, మీ గొంతు ఎలాగూ వింటుంది. లేబర్ రూమ్‌లోకి ఫోన్ రానిస్తారో లేదో ముందే కనుక్కోండి, రానిస్తే ఒక్క చెవిలోనే పెట్టుకోండి, సిస్టర్ చెప్పేది వినపడాలి.

అపోహ: సిజేరియన్ అయితే ఇదంతా దండగ.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే, 2019-21ది, చూడండి, తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రలో 42.4 శాతం సిజేరియన్లే. వెన్నులో ఇంజెక్షన్ ఇచ్చి చేసే ఆపరేషన్లో తల్లి మెలకువతోనే ఉంటుంది, చల్లటి గది, నెత్తి మీద లైట్లు, చేతులు వణుకుతుంటాయి. ఆ ఇంజెక్షన్‌కి ముందుకి వంగి కదలకుండా కూర్చోవాల్సిన ఆ కాసేపు నేర్చుకున్న ఊపిరే అక్కరకొచ్చిందని ఎంతమంది చెప్పారో నాకు.

ఒక్క జాగ్రత్త. రిలాక్స్‌డ్‌గానే ఉన్నాను కదా, ఈ ఆడియో అయ్యాక చూద్దాంలే అనుకోవద్దు. రక్తం కనపడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలికలు తగ్గినా, విపరీతమైన తలనొప్పితో చూపు మసకబారినా, మధ్యలోనే ఆపేసి ఆస్పత్రికి బయల్దేరండి.