సగం మంది వెళ్లిపోయినా అది మీ క్లబ్బే

పిల్లలూ,

మొన్న ఫోనులో మీరు అడిగింది రెండు ముక్కల్లో తేలే ప్రశ్న కాదు. అందుకే కూర్చుని ఉత్తరం రాస్తున్నాను. తీరిగ్గా చదవండి. అర్థం కాని చోట మీ నాన్నను అడగండి.

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మీ అపార్ట్‌మెంట్ పిల్లలంతా కలిసి ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకున్నారు. ఈ వేసవి సెలవుల్లో ఒకరి తండ్రికి పుణెకు బదిలీ అయింది. అన్నదమ్ములిద్దరు హైదరాబాద్ వెళ్లిపోయారు. అద్దె పెంచారని మీ గోల్‌కీపర్ వాళ్లు సర్జాపుర వైపు మారిపోయారు. బడులు తెరిచేసరికి సగం జట్టు లేదు, కొత్త ముఖాలు వచ్చి చేరాయి. "ఇది ఇంకా మన పాత క్లబ్బేనా తాతయ్యా?" అని చిన్నది అడిగింది. పెద్దవాడు ఇంకో ప్రశ్న జోడించాడు. ఇంగ్లండ్‌లో హాలం అనే పల్లె క్లబ్బు 1860 నుంచి ఉందని ఎక్కడో చదివాడట. "అప్పుడు ఆడినవాళ్లలో ఒక్కరూ లేరు కదా, మరి అదే క్లబ్బని ఎలా చెప్పుకుంటున్నారు?" అన్నాడు.

ముందు వంటింట్లోకి వెళ్లి పెరుగు గిన్నె మూత తీయండి. ఈ పెరుగు ఎప్పటిదని మీ అమ్మను అడిగితే నిన్న రాత్రి తోడుపెట్టానంటుంది. దేనితో తోడుపెట్టావమ్మా? మొన్నటి పెరుగుతో. మొన్నటిది? అంతకు ముందు రోజు దానితో. ఇలా అడుగుతూ పోతే మీ ప్రశ్నలు అమ్మను దాటి నానమ్మ దగ్గరికి వస్తాయి. మేము హలసూరులో కాపురం పెట్టిన రోజు ఇంట్లో పాలున్నాయి, తోడు లేదు. పక్క వాటాలో ఉండే తమిళావిడ చిన్న గిన్నెలో చెంచాడు పెరుగు తెచ్చి ఇచ్చింది. మీ అమ్మానాన్నలు వైట్‌ఫీల్డ్‌కు మారినప్పుడు నానమ్మ డబ్బాలో పోసి ఇచ్చిన తోడు ఆ వరసలోదే. పాలు ఏ రోజుకారోజు కొత్తవే. గిన్నె మారింది, ఇల్లు మారింది, గుమ్మం ముందు పితికిన గేదె పాలు పోయి నందిని ప్యాకెట్ వచ్చింది. ఒకటి రెండు సార్లు పిల్లి గిన్నె దొర్లించింది కూడా. అప్పుడు మేము తోడు ఇచ్చిన ఇంటికే వెళ్లి మళ్లీ తెచ్చుకున్నాం.

క్లబ్బులో ఆడేవాళ్లు పాలు. ఏటేటా కొత్తగా రావాల్సిందే. మరి తోడు ఏది? అది కనిపెడితే మీ ఇద్దరి ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది.

ఇప్పుడు హాలం దగ్గరికి వెళదాం. ఇంగ్లండ్‌లో షెఫీల్డ్ ఉక్కుకు, చాకులకు పేరు పడ్డ ఊరు. అక్కడ క్రికెట్ ఆడే కుర్రాళ్లు చలికాలమంతా ఊరికే కూర్చోలేక 1857లో ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టారు. ఇప్పటికీ ఆడుతున్న ఫుట్‌బాల్ క్లబ్బుల్లో ప్రపంచంలోకెల్లా పాతది అదే. మూడేళ్లకు ఆ ఊరి శివారున, శాండీగేట్ మైదానంలో క్రికెట్ ఆడుకునే హాలం వాళ్లు తామూ ఒక క్లబ్బు పెట్టుకున్నారు. 1860 డిసెంబరు 26న, క్రిస్మస్ మర్నాడు, రెండు క్లబ్బులూ శాండీగేట్‌లో తలపడ్డాయి. నేలంతా మంచు. షెఫీల్డ్ వాళ్లు ఎరుపు, తెలుపు దుస్తుల్లో వచ్చారు. హాలం వాళ్లలో ఎక్కువ మంది నీలం వేసుకున్నారు. ఆ తెల్లటి మంచు మీద ఆ రంగులు ఎంత అందంగా ఉన్నాయో ఆనాటి పత్రిక ప్రత్యేకంగా రాసింది, హాలం వాళ్లను పల్లెవాళ్లు అని పేర్కొంటూ. షెఫీల్డ్ 2-0తో గెలిచింది. వైపుకు పదకొండు మంది అన్న లెక్క అప్పటికి స్థిరపడలేదు. ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కూడా పుట్టలేదు. అది 1863లో వచ్చింది. అంటే ఆటకు అందరూ ఒప్పుకున్న నియమాలు రాకముందే ఈ పల్లె క్లబ్బు ఉంది!

హాలం ఇంగ్లండ్ పెద్ద లీగులో ఎన్నడూ ఆడలేదు. అయినా అదే శాండీగేట్‌లో, ఒక వైపుకు వాలిన అదే నేల మీద ఇప్పటికీ ఆడుతోంది. ప్రపంచంలో అతి పాత ఫుట్‌బాల్ మైదానమని దానికి పేరు. అయితే మైదానమే తోడు అంటారేమో. మరి షెఫీల్డ్ క్లబ్బును చూడండి. దాని చరిత్రలో ఎక్కువ కాలం సొంత మైదానం లేదు. 2001లో ఊరు దాటి డ్రాన్‌ఫీల్డ్ అనే పక్క ఊళ్లో స్థిరపడింది. మైదానాలు మారినా క్లబ్బు చెదరలేదు.

గెలిచిన కప్పులా? దానికీ హాలమే జవాబు చెప్పింది. 1867లో థామస్ యూడన్ అనే నాటకశాల యజమాని ఒక కప్పు పెట్టి పోటీ జరిపించాడు. ఫుట్‌బాల్ చరిత్రలో మొదటి కప్పు పోటీ అదే. గెలిచింది మన పల్లె జట్టు. తర్వాత ఆ కప్పు ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియకుండా పోయింది. తాతలు పోయారు, మనవలు ముసలివాళ్లయ్యారు, కప్పు జాడ లేదు. 1997లో పాత వస్తువులు అమ్మే వ్యాపారి దగ్గర బయటపడితే క్లబ్బు డబ్బిచ్చి కొనుక్కుంది. తాము గెలిచిన కప్పును తామే కొనుక్కోవలసి వచ్చింది. అంతకాలమూ ప్రతి చలికాలం వాళ్లు ఆడుతూనే ఉన్నారు కదా, చేతిలో కప్పు లేకుండానే!

తోడు ఏమిటో నాకు తెలిసింది మాత్రం ఇంగ్లండ్ కథల వల్ల కాదు. మా టైలరన్న వల్ల.

మా నాన్నగారు ఫ్యాక్టరీలో పనిచేసేవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో కన్నడం, మైదానంలో ఇవన్నీ, దక్కనీ ఉర్దూతో కలిపి. మా వీధి క్లబ్బుకు ఒక దర్జీ పెద్దదిక్కు. ఆయన ఆడటం నేను చూడలేదు, మోకాలు దెబ్బతిని అప్పటికే మానేశాడు. ఆదివారం తెల్లవారకముందే మైదానానికి వచ్చేవాడు. రెండు మేకులు, వాటి మధ్య బిగించడానికి పురికొస, అడుగున మేకుతో చిల్లులు పొడిచిన డాల్డా డబ్బా నిండా సున్నం. కొస వెంట వంగి నడుస్తూ డబ్బా తట్టేవాడు. ఎర్రమట్టి మీద తెల్లగీత పడేది. మోకాలి మీద గీరుకున్న చోట ఆ సున్నం తగిలితే ఎంత మంటో! అప్పటి బంతి తోలుది. లోపల రబ్బరు బ్లాడరు. గాలి కొట్టాక దాని మూతి దారంతో కట్టి, తోలు కిందికి దోపి, బూటు లేసులాంటి తోలు పట్టీతో చీలిక కుట్టెయ్యాలి. ఆ కుట్టు ఉబ్బెత్తుగా ఉంటే తలతో కొట్టినవాడి నుదురు చీరుకుపోతుంది. టైలరన్న కట్టిన బంతి మీద బొటనవేలు జరిపితే కుట్టు తెలిసేది కాదు. వానాకాలానికి ముందు బంతికి ఆముదం పట్టించేవాడు, నీళ్లు తాగి బరువెక్కకుండా.

ఎర్ర గుడ్డ అట్ట వేసిన పొడుగాటి లెక్కల పుస్తకం ఒకటి ఆయన దగ్గర ఉండేది. ఎవరు చందా ఇచ్చారు, ఎవరు బాకీ, సున్నానికి ఎంత, నిమ్మకాయలకు ఎంత, బ్లాడరు అతుక్కు ఎంత. ఒక ఆదివారం నన్ను పిలిచి పురికొస రెండో చివర పట్టుకోమన్నాడు. బిగువుగా పట్టుకోవాలి, ఊపిరి పీల్చినా గీత వంకర పోతుందన్నాడు. ఆ వారం జట్టులో నాకు చోటు లేదు. అయినా ఆ క్లబ్బు నాది అని మొదటిసారి అనిపించింది ఆ పూటే. కొన్నేళ్లకు పుస్తకం నా చేతికి వచ్చింది. నాకు ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్లేటప్పుడు మరో కుర్రాడికి ఇచ్చాను. కొస పట్టుకోవడం వాడికి అంతకుముందే నేర్పాను.

తోడంటే నా లెక్కలో ఇదే. వెళ్లేవాడు వచ్చేవాడికి అప్పగించే పని. హాలంలోనూ 1860 నుంచి ఎవరో ఒకరు చలిలో లేచి గీతలు గీసి ఉంటారు, గోలు కర్రలు పాతి ఉంటారు, లెక్క రాసి ఉంటారు.

పెరుగు విషయంలో నానమ్మ చెప్పే జాగ్రత్తలన్నీ మీ క్లబ్బుకూ పనికివస్తాయి. పాలు సలసల కాగుతుండగా తోడు వేస్తే పెరుగవదు. కొత్తగా వచ్చిన పిల్లలమీద మొదటి రోజే అరిస్తే వాళ్లు నిలవరు. పాలు మరీ చల్లబడినా తోడుకోవు. చేర్చుకుని, ఎవరూ పలకరించకపోతే అంతే. తోడు ఎక్కువైతే పులుస్తుంది. అన్ని పనులూ పాతవాళ్లే పట్టుకుని కూర్చోకూడదు. బెంగళూరు డిసెంబరు చలిలో గిన్నెకు తువ్వాలు చుట్టి బియ్యం డబ్బాలో పెడుతుంది నానమ్మ. పరీక్షల నెలల్లో క్లబ్బును అలా కాపాడుకోవాలి. ఇద్దరొచ్చినా ఆదివారం మానకండి. ఆటగాళ్లు చాలకపోతే పక్క అపార్ట్‌మెంట్ వాళ్లను అడగండి, వాళ్లకు చాలనప్పుడు మీరు వెళ్లండి.

మన ఊరికి కూడా ఈ వరస ఉందని మరిచిపోకండి. 1937లో బాంబేలో జరిగే రోవర్స్ కప్పు అనే ఫుట్‌బాల్ పోటీని బ్రిటిష్ మిలిటరీ జట్ల నుంచి మొదటిసారి గెలుచుకున్న భారతీయ జట్టు బెంగళూరు ముస్లిమ్స్. మరుసటి ఏడూ వాళ్లే గెలిచారు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు ఎక్కువమంది బూట్లు లేకుండా ఆడి ఫ్రాన్స్ చేతిలో 2-1తో ఓడిపోయారు. ఆ ఒక్క గోలు, ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో మన దేశపు మొట్టమొదటి గోలు, కొట్టింది బెంగళూరు ఆటగాడు సారంగపాణి రామన్. 1967-68, 1968-69లో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని వరుసగా మైసూరు రాష్ట్రం గెలిచింది. అప్పుడు మా వీధిలో పిల్లలెవరూ నేల మీద నడవలేదు! తర్వాత 1973లో రాష్ట్రం పేరు కర్ణాటక అయింది. ట్రోఫీ మళ్లీ రావడానికి 54 ఏళ్లు పట్టింది. 2023 మార్చిలో రియాద్‌లో మేఘాలయను 3-2తో ఓడించిన కుర్రాళ్లలో ఒక్కరు కూడా 1969 నాటికి పుట్టలేదు. పేరు కూడా మైసూరు కాదు. అయినా ఆ రాత్రి నేను మీ నాన్నకు ఫోను చేసి "మళ్లీ గెలిచాం" అన్నాను. ఆ "మళ్లీ" నాకు ఎలా వచ్చిందో పూర్తిగా విడమరిచి చెప్పడం నా వల్ల కాదు. తలుచుకుంటే ఇప్పటికీ ఆశ్చర్యమే.

మీరు చేయాల్సింది ఒకటుంది. ఈ ఆదివారం మీ నాన్నతో మన హలసూరు దగ్గరి గౌతమపురకు రండి. అక్కడ పెలే విగ్రహం ఉంది, దాన్ని తర్వాత చూద్దాం. ముందు మైదానానికి పోవాలి, అదీ పొద్దున్నే, ఆట మొదలుకాకముందే. అందరికంటే ముందు ఎవరు వస్తారో చూడండి. వాళ్ల చేతిలో ఏమున్నాయో, ఏ పని మొదట చేస్తారో గమనించండి. పని అయ్యాక దగ్గరికి వెళ్లి, ఇది మీకు ఎవరు నేర్పారని మర్యాదగా అడగండి. ఆయనకు ఎవరు నేర్పారో కూడా అడగండి. ఎన్ని పేర్ల దాకా వెళ్లగలరో అంతదాకా వెళ్లి, కాగితం మీద వరసగా రాసుకోండి. కొత్తగా చేరిన పిల్లలను కూడా వెంట తీసుకురండి. కాగితం, పెన్సిలు వాళ్ల చేతికే ఇవ్వండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య