బిళ్ళగన్నేరు ఆకు నుంచి కీమో సూది దాకా

బిళ్ళగన్నేరు ఆకు నమిలితే షుగర్ తగ్గుతుందని, కషాయం తాగితే క్యాన్సర్ కూడా పోతుందని వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతూనే ఉంటాయి. గోడ పగుళ్ళలో కూడా మొలిచి, ఎవరూ నీళ్ళు పోయకపోయినా పూసే ఈ మొక్కకూ క్యాన్సర్‌కూ సంబంధం ఉన్న మాట నిజమే. అది ఎలా బయటపడిందో తెలిస్తే మాత్రం ఆకు నూరుకుని తాగే ధైర్యం ఎవరూ చేయరు.

ఈ మొక్క పుట్టిల్లు మడగాస్కర్. అక్కణ్ణుంచి ఉష్ణదేశాలన్నిటికీ పాకింది, చాలాచోట్ల నాటువైద్యంలోకీ చేరింది. జమైకాలో, ఫిలిప్పీన్స్‌లో దీన్ని మధుమేహానికి వాడేవారు. 1952లో కెనడా డాక్టర్ క్లార్క్ నోబుల్‌కు జమైకా నుంచి ఒక కవరులో ఈ ఆకులు వచ్చాయి. వాటిని ఆయన వెస్టర్న్ అంటారియో విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న తమ్ముడు రాబర్ట్ నోబుల్‌కు అందించారు.

ఆకుల సారాన్ని ఎలుకలకు నోటి ద్వారా పట్టిస్తే రక్తంలో చక్కెర తగ్గలేదు. సూది ద్వారా ఎక్కిస్తే ఎలుకలు కొద్దిరోజుల్లోనే ఒళ్ళంతా చీముగడ్డలు లేచి చచ్చిపోయాయి. మధుమేహం మందు కోసం వెతుకుతున్నవాళ్ళు అక్కడితో ఫైలు మూసేయవచ్చు. రాబర్ట్ నోబుల్ మూయలేదు. ఎందుకు చచ్చాయని రక్తం పరీక్షిస్తే తెల్లకణాలు దారుణంగా పడిపోయి ఉన్నాయి, రక్తకణాలు పుట్టే ఎముక మజ్జ దెబ్బతిని ఉంది. ఇన్ఫెక్షన్‌ను ఆపే బలం లేకే అవి చనిపోయాయి. తెల్లకణాలు అదుపు తప్పి పెరిగిపోయే రక్తక్యాన్సరే లుకేమియా కదా! వాటిని తగ్గించే ఈ సారం దానికి మందు కావచ్చు. ఈ కథలో నాకు అన్నిటికన్నా గొప్పగా కనిపించే ఘట్టం ఇదే.

1954లో రసాయన శాస్త్రవేత్త చార్లెస్ బీర్ ఆయనతో కలిశారు. ఆకుల్లోంచి వేరు చేసిన విన్‌బ్లాస్టిన్ అనే మందు పదార్థాన్ని 1958లో ప్రకటించారు. అప్పటికే అమెరికాలో ఇలై లిల్లీ కంపెనీ కూడా ఇదే మొక్క మీద పనిచేస్తూ, దీని సారం ఇచ్చిన లుకేమియా ఎలుకలు ఎక్కువకాలం బతకడం గమనించింది. అక్కడ గోర్డన్ స్వోబోడా బృందం అదే కోవకు చెందిన విన్‌క్రిస్టిన్‌ను వేరు చేసింది. 1963లో అది మందుగా అనుమతి పొందింది.

పిల్లల లుకేమియా చికిత్సకు ఇది పెద్ద మలుపు. అంతకుముందు 1948లో మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు బృందం తయారుచేసిన అమినోప్టెరిన్ అనే మందుతో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ కొందరు పిల్లల్లో జబ్బును కొన్ని నెలలపాటు వెనక్కి నెట్టగలిగారు. కానీ అది మళ్ళీ తిరగబెట్టేది. తర్వాత విన్‌క్రిస్టిన్‌తో సహా నాలుగైదు మందులు కలిపి వాడడం మొదలయ్యాకే పూర్తిగా కోలుకునే పిల్లల సంఖ్య పెరుగుతూ వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం లుకేమియాలో నేడు సంపన్న దేశాల్లో పదిమందిలో సుమారు తొమ్మిదిమంది బతుకుతున్నారు.

మరి ఆకు తింటే ఏం? ఒక్క గ్రాము విన్‌బ్లాస్టిన్‌కు సుమారు 500 కిలోల ఎండుటాకులు కావాలి. విన్‌క్రిస్టిన్ అయితే అంతకన్నా చాలా తక్కువగా దొరుకుతుంది. గుప్పెడు ఆకుల కషాయంలో ఆ మందు ఎంతుంటుందో ఇంట్లో ఎవరూ కొలవలేరు. పైగా అందులో విషగుణమున్న ఆల్కలాయిడ్లు (మొక్కల్లో తయారయ్యే ఒక రకం రసాయనాలు) ఎన్నో ఉంటాయి. ఆస్పత్రిలో విన్‌క్రిస్టిన్‌ను మిల్లీగ్రాముల్లో లెక్కగట్టి నరంలోకే ఎక్కిస్తారు. అలా ఇచ్చినా వేళ్ళు తిమ్మిరెక్కడం, మలబద్ధకం వంటి బాధలు వస్తాయి. పొరపాటున వెన్నులోకి ఎక్కిస్తే ప్రాణమే పోతుంది. ఆకురసం నమ్ముకుని కీమో మానేసే వాళ్ళను తలుచుకుంటే భయమేస్తుంది.

ఈ మందుల అమ్మకాల్లో మడగాస్కర్‌కు వాటా దక్కలేదు. మొక్కల మీద ఆయా దేశాలకు హక్కుందని, లాభం పంచాలని చెప్పే జీవవైవిధ్య ఒప్పందం వచ్చిందే 1992లో. మన జీవవైవిధ్య చట్టం 2002 నాటిది. ఇప్పుడైతే మొక్కతో పనిలేకుండా ఈ మందు తయారుచేసే ప్రయత్నం సాగుతోంది: విన్‌బ్లాస్టిన్‌కు మూలమైన రెండు పదార్థాలను జన్యువులు మార్చిన ఈస్ట్‌లో (పిండిని పులియబెట్టే సూక్ష్మజీవిలో) తయారుచేసి, వాటిని కలిపి మందు రాబట్టామని 2022లో శాస్త్రవేత్తలు ప్రకటించారు.