తప్పిపోయిన కుక్క ప్రకటన వెనుక కథ

కుక్క తప్పిపోతే ఇప్పుడు దాని ఫొటోను ఫోన్‌లో నాలుగు గ్రూపుల్లో పెడతాం. అంతకుముందు వందల ఏళ్లపాటు ఆ పని పత్రికలే చేశాయి. 1660 వేసవిలో లండన్‌లో వెలువడే మెర్క్యురియస్ పబ్లికస్‌లో ఒక ప్రకటన వచ్చింది. నల్ల కుక్క, రొమ్ము మీద మాత్రం తెల్లచార, తోక కాస్త పొట్టి. యజమాని ఎవరో కాదు, రాజు రెండో చార్లెస్. అది ఇంగ్లండ్‌లో పుట్టి పెరిగింది కాదు, యజమానిని వదిలిపోయే రకమూ కాదు, కాబట్టి ఎవరో ఎత్తుకెళ్లే ఉంటారని అందులో రాశారు. కుక్క పోయిన ఇంట్లో బెంగ ఎలా ఉంటుందో ఆ నాలుగు మాటల్లోనే తెలిసిపోతుంది.

తెచ్చిచ్చినవారికి బహుమతి ఇస్తామనే ప్రకటనలు తర్వాత మామూలైపోయాయి. దాన్ని దొంగలూ పసిగట్టారు. 19వ శతాబ్దపు లండన్‌లో పెంపుడు కుక్కల్ని ఎత్తుకెళ్లి, డబ్బు ముడితేనే వదిలే ముఠాలు ఉండేవి. కవయిత్రి ఎలిజబెత్ బారెట్ తన కుక్క ఫ్లష్‌ను ఇలా మూడుసార్లు విడిపించుకోవాల్సి వచ్చింది. 1845లో పార్లమెంటు కుక్కల దొంగతనంపై ప్రత్యేకంగా చట్టం చేసింది.

పత్రికలు ఎప్పుడూ జంతువుల పక్షానే నిలిచాయని కాదు. 1860లో మేరీ టీల్బీ వీధినపడ్డ కుక్కలకు లండన్‌లో ఆశ్రయం మొదలుపెడితే టైమ్స్ పత్రిక ఎగతాళి చేసింది. తర్వాత బాటర్సీకి మారిన ఆ సంస్థ ఇప్పటికీ నడుస్తోంది.

ఈలోగా అమెరికాలో పత్రిక చవకైంది. మిగతావి ఆరు సెంట్లకు అమ్ముతున్న రోజుల్లో, 1833లో న్యూయార్క్ సన్ ఒక్క సెంటుకే వచ్చింది. వీధి కబుర్లు, పోలీసు కోర్టు కేసులు మామూలు జనం చేతికి అందాయి. అలా పత్రిక చదివే అలవాటు ఎంత మేలు చేసిందో 1885 డిసెంబరులో తెలిసింది. న్యూజెర్సీలోని న్యూఆర్క్‌లో ఒక కుక్క కొందరు పిల్లల్ని కరిచింది. దానికి పిచ్చి పట్టిందని భయం. పారిస్‌లో శాస్త్రవేత్త పాశ్చర్ రేబిస్ టీకాను మొదటిసారి మనిషికి వేసి అప్పటికి ఐదు నెలలే. పిల్లల్ని అక్కడికి పంపాలని ఒక స్థానిక డాక్టరు పత్రిక ద్వారా పిలుపునిచ్చారు. వార్త పాకింది, చందాలు వచ్చిపడ్డాయి, కొద్ది రోజుల్లోనే నలుగురు అబ్బాయిలు ఓడ ఎక్కారు. నలుగురూ క్షేమంగా తిరిగొచ్చారు. కుక్క కాటు వార్త అంటే ఇప్పుడు భయపెట్టేదే గుర్తొస్తుంది. నాకు మాత్రం ముందు ఈ ఓడ గుర్తొస్తుంది.

పత్రికల ఖర్చులో పెద్ద భాగాన్ని మోసింది తప్పిపోయిన కుక్క ప్రకటన లాంటి చిన్న ప్రకటనలే. 1995లో ఆన్‌లైన్‌లో చిన్న ప్రకటనలు పెట్టుకునే క్రెయిగ్స్‌లిస్ట్ మొదలయ్యాక ఆ క్లాసిఫైడ్స్ మెల్లగా ఇంటర్నెట్‌కు తరలిపోయాయి. 2005 నుంచి అమెరికాలో మూడో వంతుకు పైగా పత్రికలు మూతపడ్డాయి. తప్పిపోయిన కుక్కను ఫోన్ గ్రూపులు ఇంకా త్వరగానే వెతికిపెడతాయి, అది నిజంగా మంచిదే. కానీ కుక్కల లైసెన్సు ఫీజు ఎందుకు పెంచారు, టీకాల డబ్బు ఎటు పోయింది, షెల్టర్‌కు చేరిన కుక్కల్లో ఎన్ని ఇంటికెళ్లాయి, ఎన్నింటిని చంపేశారు అని అడగాలంటే, నగరపాలక సమావేశంలో చివరిదాకా కూర్చునే విలేకరి ఒకరు ఉండాలి. చాలా ఊళ్లలో ఇప్పుడు ఆ కుర్చీ ఖాళీ.