దైవసాక్షిగా అన్న ఒక్క మాట కోసం ఆరేళ్లు

మన శాసనసభలో కొత్త సభ్యులు ప్రమాణం చేసే రోజు చాలామంది ‘దైవసాక్షిగా’ అంటారు. కమ్యూనిస్టులు దేవుడి పేరు తీయకుండానే ప్రమాణం చేసి సంతకం పెడతారు. ఎవరూ అడ్డుచెప్పరు. రాజ్యాంగం మూడో షెడ్యూల్లోనే రెండు దారులూ ఉన్నాయి. ఇదే మాట మీద 1880 నుంచి 1886 దాకా బ్రిటిష్ పార్లమెంటులో ఆరేళ్లు గొడవ నడిచింది. దాని మధ్యలో నిలబడిన మనిషి చార్లెస్ బ్రాడ్‌లా.

ఆయన 1833లో లండన్‌లో ఒక గుమాస్తా ఇంట్లో పుట్టాడు. పదిహేనేళ్లకే చర్చిలో సండే స్కూల్ పిల్లలకు పాఠాలు చెప్పేవాడు. ఆ చర్చికి బిషప్ వస్తున్నాడని, ప్రశ్నలకు సిద్ధంగా ఉండమని పాదిరి చెప్పాడు. శ్రద్ధగా చదువుతుంటే, ఇంగ్లండ్ చర్చి విశ్వాస సూత్రాలకూ సువార్తలకూ పొంతన కుదరడం లేదనిపించింది. వివరించమని పాదిరికి ఉత్తరం రాశాడు. పాదిరి జవాబివ్వలేదు. మీవాడు నాస్తికుడైపోతున్నాడని తండ్రికి ఫిర్యాదు చేసి, పిల్లాణ్ణి బడి నుంచి తప్పించాడు. అప్పటికి బ్రాడ్‌లా నమ్మకం పోలేదు, సందేహం మాత్రమే వచ్చింది. చివరికి ఇల్లు వదలాల్సి వచ్చింది. ఈ కథలో నన్ను ఎక్కువ బాధపెట్టేది ఈ ఉత్తరమే. నాస్తికులకూ చర్చికీ మధ్య నడిచిన చాలా తగవుల మొదట్లో ఇలాంటి జవాబు రాని ప్రశ్న ఒకటి ఉంటుంది.

తర్వాత నాస్తికుడే అయిపోయి, 1866లో ఆయన నేషనల్ సెక్యులర్ సొసైటీ స్థాపించాడు. 1877లో అనీ బిసెంట్‌తో కలిసి కుటుంబ నియంత్రణ మీద ఒక చిన్న పుస్తకం అచ్చువేసి కోర్టుకెక్కాడు. పాదిరి భర్త నుంచి విడిపోయి నాస్తికురాలైన బిసెంట్, ఆ అభిప్రాయాల వల్లే కన్నకూతురిని తన దగ్గర పెట్టుకునే హక్కు పోగొట్టుకుంది. తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి మన దేశానికొచ్చి, 1915లో మదనపల్లెలో కాలేజీ పెట్టించింది ఈమే.

1880లో నార్తాంప్టన్ ఓటర్లు బ్రాడ్‌లాను పార్లమెంటుకు పంపారు. దేవుడి పేరు లేకుండా ప్రమాణం చేస్తానని ఆయన అడిగాడు. ఆ హక్కు కొత్తదేమీ కాదు. దాన్ని మొదట సాధించింది భక్తులైన క్రైస్తవులే. ‘ఎంత మాత్రము ఒట్టుపెట్టుకొనవద్దు’ అన్న యేసు మాటను ఉన్నదున్నట్టు పాటించే క్వేకర్లకు 17వ శతాబ్దం చివర్లోనే చట్టం ఒట్టు పెట్టకుండా మాట ఇచ్చే వెసులుబాటు ఇచ్చింది. 1829లో కాథలిక్కులకు, 1858లో యూదులకు కూడా సభ తలుపులు తెరుచుకున్నాయి. నాస్తికుడి దగ్గరికి వచ్చేసరికి ఆ తలుపు మూసుకుంది.

సరే, అందరిలాగే ప్రమాణం చేస్తానన్నాడు. దేవుణ్ణి నమ్మనివాడు బైబిల్ పట్టుకుంటే బైబిల్‌కే అవమానమన్నారు. ముందుకు పోతే గొయ్యి, వెనక్కి పోతే నుయ్యి. జూన్ 23న బయటికి వెళ్లనన్నందుకు ఆయన్ను బిగ్ బెన్ గడియారం ఉన్న గోపురంలో ఒక రాత్రి బంధించారు. 1881 ఆగస్టులో సభ సిబ్బంది, పోలీసులు కలిసి కోటు చిరిగిపోయేలా బయటికి ఈడ్చేశారు. నార్తాంప్టన్ ఓటర్లు మాత్రం పట్టు వదల్లేదు. ఉప ఎన్నిక వచ్చిన ప్రతిసారీ, 1881లో, 1882లో, 1884లో ఆయన్నే గెలిపించారు.

కాథలిక్ కార్డినల్ మానింగ్ ఆయనకు గట్టిగా అడ్డుపడ్డాడు. ప్రధాని గ్లాడ్‌స్టన్‌ను ఇరుకున పెట్టడానికి ఇదే అదననుకున్న ప్రతిపక్ష నాయకులూ తోడయ్యారు. మతం పేరుతో నడిచిన ఈ గొడవలో సగం రాజకీయమే. గ్లాడ్‌స్టన్ చర్చి మీద అపారమైన భక్తి ఉన్న మనిషి. బ్రాడ్‌లా అభిప్రాయాలు ఆయనకు ఏమాత్రం నచ్చవు. అయినా 1883లో ఆ నాస్తికుడి హక్కు కోసం బిల్లు తెచ్చి, దాని తరఫున సభలో గొప్పగా మాట్లాడాడు. మూడు ఓట్ల తేడాతో అది ఓడిపోయింది. నమ్మకం గట్టిగా ఉన్నవాడికి ఎదుటివాడి అపనమ్మకం చూసి భయం ఉండదని గ్లాడ్‌స్టన్‌ను చూస్తే అనిపిస్తుంది.

1886లో స్పీకర్ ఎవరి అభ్యంతరాలూ వినకుండా బ్రాడ్‌లా చేత ప్రమాణం చేయించాడు. 1888లో బ్రాడ్‌లా ప్రవేశపెట్టిన బిల్లే చట్టమై, దేవుడి పేరు తీయకుండా ప్రమాణం చేసే హక్కు అందరికీ దక్కింది. మరుసటి ఏడాది ఆయన బొంబాయి కాంగ్రెస్ మహాసభకు వచ్చాడు. 1891 జనవరి 27న, బ్రాడ్‌లాను బయట నిలబెట్టిన పాత తీర్మానాన్ని సభ రికార్డుల నుంచి కొట్టేసింది. అప్పటికే స్పృహలో లేని ఆయనకు ఆ సంగతి తెలియలేదు. మూడు రోజులకు కన్నుమూశాడు.

అంత్యక్రియలకు వెళ్లినవాళ్లలో లండన్‌లో లా చదువుతున్న గాంధీ కూడా ఉన్నాడు. తిరుగు రైలు కోసం ఆగినప్పుడు ఒక నాస్తికుడు ఒక పాదిరిని వరుస ప్రశ్నలతో వేధించడం చూసి, నాస్తికత్వం మీద తన అయిష్టం ఇంకా పెరిగిందని ఆత్మకథలో రాసుకున్నాడు. అదే గాంధీ అర్ధశతాబ్దం తర్వాత, కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోరాను సేవాగ్రామ్‌కు పిలిపించుకుని మాట్లాడాడు. గోరా పెద్ద కూతురికీ ఒక దళిత యువకుడికీ ఆశ్రమంలో పెళ్లి చేయిస్తానని, మంత్రంలో ‘దేవుని పేరిట’ అన్నచోట ‘సత్యం పేరిట’ అనిపిస్తానని ఒప్పుకున్నాడు. ఆ పెళ్లి 1948 మార్చిలో, గాంధీ పోయాక, సేవాగ్రామ్‌లోనే జరిగింది.